పది నిమిషాల మిషన్

ఆగస్టు ఎనిమిదో తారీఖు పొద్దున మా కాలనీ పార్కులో గడ్డి కోసే మిషన్ ఆరోసారి ఆగిపోయింది. నేను వంటింట్లో పప్పు కడుగుతున్నాను. మా ఇంటికీ పార్కుకూ మధ్య నాలుగిళ్ళే. మిషన్ మోగుతున్నంతసేపూ నాకు వినపడదు. ఆగితే వినపడుతుంది.

గడియారం చూశాను. మొదలై పది నిమిషాలు. నిన్న కూడా పదే. మొన్న పదకొండు.

కాసేపటికి గేటు దగ్గర చక్రాల గరగర. మా కాలనీ తోటమాలి జంగయ్య మిషన్‌ను లాక్కుంటూ వచ్చి మా కారు షెడ్డులో నిలబెట్టాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"మళ్ళ పండుకుందమ్మా," అన్నాడు.

"పెట్రోల్ ఉందా?"

"నిండ ఉంది. ఊపి చూసిన, గుడగుడ అంటుంది."

"మూత తీసి చూడలేదు గదా?"

"మీరు తియ్యొద్దంటిరి గద. తియ్యలే."

నాకు నిశ్చింతగా అనిపించింది.

ఆ మిషన్ మా కాలనీది. యాప్రాల్‌లో మా వీధి చివరింట్లో అద్దెకున్న మేజర్ ఒకాయన బదిలీ అయి వెళ్ళిపోతూ కాలనీ సంఘానికి అమ్మేశాడు. మా వైపు మిలిటరీ వాళ్ళు అలాగే వస్తారు. పిల్లల పేర్లు మనకు నోటికి వచ్చేసరికి సామాన్ల లారీ గేటు ముందు నిలబడుతుంది. ఆయన భార్య బీరువా ఎక్కిస్తుంటే చూడలేక నేను లోపలికి వచ్చేశాను. నిజానికి ఆమెతో నాకు పెద్ద పరిచయం కూడా లేదు.

మిషన్ పెట్టడానికి చోటు కావాలన్నారు. మా ఇంట్లో కారు షెడ్డు ఉంది, కారు లేదు. అట్లా అది నా దగ్గరికి చేరింది. దాంతోపాటు జంగయ్య. వానాకాలం వస్తే వారానికి నాలుగైదు పొద్దులు వచ్చేవాడు. పెట్రోల్ పోసుకుని, స్టీలు గ్లాసులో చాయ్ తాగి, ఎవరి బోరు ఎండిందో, ఎవరి కుక్క ఎవరిని కరిచిందో చెప్పి పార్కుకు పోయేవాడు. పని కాగానే మిషన్ పెట్టడానికి మళ్ళీ వచ్చేవాడు. మళ్ళీ చాయ్. కాలనీలో ఇళ్ళు లేవక ముందునుంచీ ఉన్న మనిషి. అప్పుడు సిమెంటు బస్తాలకు కాపలా, ఇప్పుడు పార్కుకు మాలి. భార్య పోయినప్పటినుంచి పార్కు మూలన పంపు రూములోనే ఒంటరిగా ఉంటాడు.

నాకు భయం జాస్తి అంటుంది మా అమ్మాయి స్వర్ణలత. భయం కాదు, జాగ్రత్త. పెట్రోల్ అనే మాట వింటేనే నా ముక్కుకు పొగ వాసన తగులుతుంది. అందుకని మిషన్ వచ్చిన మొదటిరోజే జంగయ్యకు రెండు షరతులు పెట్టాను. మూత మా షెడ్డులోనే తీయాలి, అదీ నేను ఇసుక బకెట్ పట్టుకుని పక్కన నిలబడ్డప్పుడు. పార్కులో ఏం జరిగినా సరే తీయకూడదు, ఎందుకంటే జంగయ్య జేబులో ఎప్పుడూ బీడీలుంటాయి. దేవుడి మీద ఒట్టు కూడా వేయించుకున్నాను.

జూన్‌లో ఒకరోజు తడిగడ్డిలో జారి, మిషన్ కింది రేకు అంచు జంగయ్య పాదానికి కోసుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి. నేను రక్తం చూడలేదు, కట్టు మాత్రమే చూశాను. నాకు అది చాలు. బళ్ళకు, పనిముట్లకు అందరూ దసరాకు పూజ చేస్తారు. దసరా దాకా ఆగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ శుక్రవారమే షురూ చేశాను. వానకు కారిపోకుండా పసుపును నువ్వుల నూనెలో రంగరించాను. మిషన్‌కు నుదురు ఎక్కడుంటుందని వెతికితే అన్నిటికన్నా పైన కనిపించింది పెట్రోల్ మూత. దాని నట్టనడుమ పసుపు పెట్టి పైన కుంకుమ అద్దాను. ప్రతి శుక్రవారం పాత పసుపు మీదే కొత్తది. నెల తిరిగేసరికి అది నాలుగు రూపాయి బిళ్ళలు దొంతి పెట్టినంత మందమైంది. జంగయ్య మిషన్‌ను ముట్టుకునే ముందు ఆ మూతను తాకి వేళ్ళు కళ్ళకద్దుకునేవాడు.

పాదం మానిపోయింది. మిషన్‌కు జబ్బు చేసింది.

మా షెడ్డులో పెట్రోల్ పోసి తాడు లాగితే చక్కగా మోగేది. పార్కుకు తీసుకుపోయాక పది నిమిషాలకు దగ్గి ఆగిపోయేది. ఇక ఎంత లాగినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

మెకానిక్ షంషీర్‌ను పిలిచాం. రాంగోపాల్‌పేట్‌లో అతని షాపు. మోటార్‌సైకిళ్ళు, జనరేటర్లు, నీళ్ళ మోటార్లు, ఏది మొరాయిస్తే అది చూస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు పెట్రోల్ ఎంతుందో చూడటానికి మూత మీదికి చెయ్యి చాపి, ఆగిపోయాడు.

"అమ్మా, ఈ బొట్టు మీరు పెట్టిన్రా?"

"అవును బాబూ. శుక్రవారం శుక్రవారం పెడతాను."

"మరి నేను ముట్టొచ్చా?"

"ముట్టకుండా ఎట్ల బాగుచేస్తవు?"

జేబులోంచి కాగితం ముక్క తీసి, బొట్టు చెదరకుండా అంచులు పట్టుకుని మెల్లగా తిప్పాడు. తీసిన మూతను కింద పెట్టలేదు. శుభ్రమైన గుడ్డ అడిగి, దాని మీద బొట్టు పైకి ఉండేలా పెట్టాడు. టాంకులోకి తొంగిచూసి, మూత మళ్ళీ అంతే భద్రంగా బిగించి, తాడు లాగాడు. ఒక్క లాగుకే మిషన్ మోగింది.

జంగయ్య నోరు తెరిచాడు. "ఏం చేసినవ్ భాయ్?"

"ఏం చెయ్యలే. చూసిన, అంతే."

"నేను యాభై సార్లు గుంజిన. భుజం ఊడొచ్చింది."

"ఇవి మనిషిని చూస్తయి జంగన్నా. మెకానిక్ అంటే భయముంటది వీటికి. డాక్టర్ మొకం చూస్తే జ్వరం దిగినట్టు."

వచ్చినందుకు ప్లగ్గు మార్చాడు. రెండోసారి వచ్చినప్పుడు కార్బొరేటర్ విప్పి కడిగాడు. మూడోసారి గాలి ఫిల్టరు దులిపాడు. ప్రతిసారీ ముందుగా కాగితం ముక్కతో మూత తీసి పెట్రోల్ చూసేవాడు, ప్రతిసారీ మిషన్ మోగేది, అతను చాయ్ తాగినంతసేపూ బుద్ధిగా మోగి, అతని స్కూటర్ కాలనీ గేటు దాటాక కాసేపటికి ఆగేది.

"నువ్వు ఈడనే ఉండిపో భాయ్," అన్నాడు జంగయ్య ఆ మూడోసారి. "కాదంటే నీ ఫొటో అన్న ఇయ్యి. హ్యాండిల్‌కు కడ్త."

"ఫొటో ఇస్తే నాకు గిరాకీ ఉంటదా? అందరు ఫొటోనే అడుగుతరు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. అప్పటికింకా తిరుమల్ గారు రాలేదు.

తిరుమల్ గారు మా కాలనీ సంఘం సెక్రటరీ. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అక్కడ ఖర్చు కాకుండా మిగిలిన ఆజ్ఞలన్నీ మా కాలనీలో వాడుతున్నారు. వానలకు పార్కులో గడ్డి మోకాళ్ళ దాకా లేచింది. పదిహేనో తారీఖు జెండా అక్కడే ఎగరేయాలి. ముఖ్య అతిథిగా రిటైర్డ్ కర్నల్ ఒకాయన్ను పిలిచారు. ఆ గడ్డిలో కర్నల్ గారి బూట్లు కనపడవని తిరుమల్ గారి దిగులు.

మిషన్ ఆరోసారి ఆగిన ఆ పొద్దున ఆయన నేరుగా మా షెడ్డుకే వచ్చారు.

"అమ్మగారి షెడ్డుల నడుస్తది. మెకానిక్ ముందట నడుస్తది. నువ్వొక్కనివే ఉన్నప్పుడు పార్కుల ఆగుతది. దీన్నేమంటరు జంగయ్యా?"

"నాకేం సమజైతలేదు సార్."

"నాకు సమజైంది. లోపం మిషన్‌ల లేదు. నీ మనసుల ఉంది. ముసలితనానికి పని తప్పించుకుంటున్నవ్."

"తిరుమల్ గారూ, గట్లనకండి," అన్నాను. "ఆయన వీపు చూడండి, ఎట్ల తడిసిందో."

"చెమట ఎవరికైన పడ్తదమ్మా. నాకు ఊరికె కూసున్నా పడ్తది." జంగయ్య వైపు తిరిగారు. "పద్నాలుగు దాకా చూస్త. గడ్డి కోసుడు కాకపోతే కాంట్రాక్టు వాళ్ళను పిలుస్త. వాళ్ళ మిషన్లు, వాళ్ళ మనుషులు. పంపు రూము ఖాళీ చేసి పెట్టు."

ఆయన వెళ్ళాక జంగయ్య చాయ్ ముట్టలేదు. మర్నాడు వచ్చి, గుమ్మం కింది మెట్టు మీద కూర్చుని చెప్పాడు.

"కొంపల్లిల మా బామ్మర్ది ఉన్నడు గద. ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ కావాల్నంటున్నరట. వస్త అని చెప్పిన."

"ఇంకా ఆరు రోజులుంది గదా. అప్పటికి మిషన్ బాగవుతుందేమో."

"బాగైనా అంతే. ఇరవై ఏండ్లు చేసిన. పనిదొంగ అనిపిచ్చుకొని ఉండబుద్ధి అయితలేదమ్మా. జెండా ఎగిరినంక పోత."

నేను లోపలికి వెళ్ళి, ఏదో వెతుకుతున్నట్టు వంటింట్లో కాసేపు నిలబడి వచ్చాను.

మా ఆయన రైల్వేలో గార్డు. లాలాగూడ క్వార్టర్స్‌లో మా సంసారమంతా గడిచింది. గార్డు ఉద్యోగమంటే ఏముంది, పోవడమే. పచ్చజెండా ఊపి, చివరి పెట్టె గుమ్మంలో నిలబడి, ప్లాట్‌ఫారం మీది జనమంతా చిన్నగై మాయమయ్యేదాకా చూడటం. ఆయన బూట్ల లేసులు కట్టుకునేటప్పుడు నేను చేతిరుమాలో, టిఫిన్ గిన్నె మూతో దాచేసేదాన్ని. వీధి మలుపు దాకా పోయి, గుర్తొచ్చి తిరిగి వచ్చేవాడు. అప్పుడు ఇచ్చేదాన్ని. ఆయన కడదాకా తనది మతిమరుపేననుకున్నాడు. ఇప్పటికీ మా గుమ్మంలో ఎవరైనా చెప్పుల కోసం కాలు చాపితే నా గుండె దడదడలాడుతుంది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషిని కూడా మంచినీళ్ళు తాగి పొమ్మంటాను.

"కొంపల్లి ఏమన్న సముద్రం అవతల ఉందా అమ్మా," అంది స్వర్ణలత ఆ సాయంత్రం. "బస్సుంది."

"ఆ బస్సెక్కి జంగయ్య చాయ్ తాగడానికి వస్తడా?"

"రాడు," అని ఒప్పుకుంది. మా అమ్మాయి అబద్ధమాడదు. అదొక్కటే దానితో కష్టం.

మేజర్ మిషన్‌తోపాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చి పోయాడు. అంతా ఇంగ్లీషు. ఎవరూ తెరవలేదు. నేను బడి మొహం చూడలేదు. తెలుగు పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇంగ్లీషు స్టేషన్ బోర్డులు నేర్పాయి. ఒకే పేరు మూడు లిపుల్లో రాసి ఉంటుంది, తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాన్ని విప్పుకోవచ్చు. కాజీపేట నుంచి మౌలాలి దాకా నా ఒకటో తరగతి. ఆ తర్వాత చేతికందిన ప్రతి కాగితమూ చదివాను, మందుల పెట్టెల్లోని చీటీలతో సహా. నా జాగ్రత్తలు పెరగడానికి ఆ చీటీలే కారణమంటుంది స్వర్ణలత.

మూడు మధ్యాహ్నాలు ఆ పుస్తకంతో, పక్కన నిఘంటువుతో కూర్చున్నాను. సగం పుస్తకం చెయ్యొద్దన్న పనులే. నాకు బాగా నచ్చింది. పన్నెండో తారీఖు మధ్యాహ్నం మూత దగ్గరికి వచ్చాను.

పెట్రోల్ మూతలో సన్నని గాలి రంధ్రం ఒకటి ఉంటుందట. పెట్రోల్ ఇంజనులోకి దిగుతున్నకొద్దీ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి రావాలట. రంధ్రం మూసుకుపోతే ఇంజను కాసేపు నడిచి ఆగిపోతుంది, మళ్ళీ స్టార్టు కాదు. మూత ఒకసారి తీసి పెడితే గాలి లోపలికి పోయి స్టార్టవుతుంది.

ఆ నాలుగు వాక్యాలు నాలుగుసార్లు చదివాను. అర్థం కాక కాదు. నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెడితే నూనె గుక్కగుక్కగా కారి ఆగిపోతుంది. గాలికి రెండో చిల్లు పెట్టాలి. అరవై ఏళ్ళుగా నేను చేస్తున్న పని అది.

షెడ్డులోకి వెళ్ళాను. మూత మీద నా పసుపు ఎండి, నూనెకు గట్టిపడి, రాయిలా ఉంది. గాజులకున్న పిన్నీసు తీసి దణ్ణం పెట్టుకుని గీకాను. పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. అడుగున ఆవగింజలో సగమంత చుక్క కనపడింది. పిన్నీసు మొన దించగానే మూతలోంచి సన్నగా, ఎవరో చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు చప్పుడైంది.

జంగయ్యకు దెబ్బ తగలకూడదని పెట్టిన బొట్టు. దాన్ని జంగయ్య భక్తితో తుడవలేదు. షంషీర్ మర్యాదతో తుడవలేదు. మూత ఊరికే తీసి చూసుకోవడానికి లేకుండా ఒట్టు వేయించుకున్నది నేను. ఇంతమంది ఇంత మంచిగా ఉంటే ఏ మిషన్ మాత్రం నడుస్తుంది?

పసుపు పెళ్ళలు తులసి మొదట్లో వేశాను. చెప్పాలా? మిషన్ ఇక ఎటూ నడుస్తుంది. నడిస్తే తిరుమల్ గారి కోపం పోతుంది, కోపం పోతే మాట వెనక్కి తీసుకుంటారు, జంగయ్య ఉండిపోతాడు. మధ్యలో ఈ ముసలిదాని తెలివితక్కువ పని కాలనీ అంతా చెప్పుకోవడమెందుకు? అట్లా నాకు నేను నచ్చజెప్పుకుని నోరు మూసుకున్నాను. పదమూడో తారీఖు రోజంతా వాన పడింది. నోరు మూసుకోవడానికి అది కూడా కలిసి వచ్చింది.

పద్నాలుగో తారీఖు పొద్దున జంగయ్య మిషన్ తీసుకుపోయాడు. మూత మీద బొట్టు లేకపోవడం చూసి, "పోయిందేంది?" అన్నాడు. "వానకు నానింది," అన్నాను. షెడ్డులో వాన పడదు. అతను హ్యాండిల్ పట్టుకుని మిషన్‌ను గేటు వైపు తిప్పాడు. వెళ్ళిపోయే మనిషి మాటలు అట్లా తగ్గిపోతాయి.

గేటు దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలు. పదకొండు. ఇరవై. నలభై. కాలనీ పొద్దంతా ఆ మోతతో నిండిపోయింది. చెప్పులు వేసుకుని పార్కుకు నడిచాను. ఎంతో కాలానికి గుమ్మంలో చెప్పులు చూసి నాకు భయం వేయలేదు.

పార్కు సగం నున్నగా ఉంది. పొద్దుటి నడకకు వచ్చిన పదిమంది నిలబడి చూస్తున్నారు. ఎందుకైనా మంచిదని స్వర్ణలత రమ్మన్న షంషీర్ అప్పుడే గేట్లో స్కూటర్ ఆపుతున్నాడు. తిరుమల్ గారు చప్పట్లు కొడుతున్నారు.

"చూసిన్రా? కాంట్రాక్టోళ్ళకు ఫోన్ చేసిన్నని నిన్న చెప్పిన. ఇయ్యాల మిషన్ గుర్రం లెక్క ఉరుకుతుంది!"

జంగయ్య మిషన్ ఆపాడు. "ఏమంటున్నరు సార్?"

"ఇన్ని దినాలు నాటకమాడినవంటున్న. కుర్చీ కిందికి నీళ్ళొచ్చేటాల్లకు నడిచింది."

"నాటకమాడలే సార్."

"మరి ఎవరు బాగుచేసిన్రు? నువ్వు చేసినవా షంషీర్?"

"నేను ఇప్పుడే వస్తున్న సార్. ఇంక హెల్మెట్ గూడ తియ్యలే."

"ఇనుకున్నవా జంగయ్యా? ఎవ్వరు చెయ్యలే. మరి దాని అంతట అదే బాగైందా?"

నడకకు వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు తలలూపారు. జంగయ్య అందరి ముఖాలూ చూశాడు. హ్యాండిల్ వదిలేసి, తలకు చుట్టుకున్న తువాలు విప్పి భుజాన వేసుకున్నాడు.

"జెండా దాక గూడ ఉండ సార్. ఇయ్యాలనే పోత."

మిషన్ నడిస్తే అతను ఉంటాడనుకున్నాను. అది నడవడమే అతను పనిదొంగ అనడానికి సాక్ష్యమైంది. ఇంకో నిమిషం నేను ఊరుకుంటే పంపు రూము తలుపు మూసుకుంటుంది.

"నేను చేసిన," అన్నాను. ఎవరికీ వినపడినట్టు లేదు. మళ్ళీ అన్నాను. "చెడగొట్టింది నేనే, బాగుచేసింది నేనే."

అందరూ నా వైపు తిరిగారు. పసుపు, నూనె, రంధ్రం, పిన్నీసు, అంతా చెప్పాను. చెప్తుంటే నా చెవులకే అది చిన్నపిల్ల సంజాయిషీలా వినపడింది.

తిరుమల్ గారు జాలిగా నవ్వారు. "అమ్మా, మీది మెత్తని మనసు. జంగయ్యను కాపాడనీకి నింద మీ మీదేసుకుంటున్నరు. బొట్టు పెడ్తె ఇంజన్ ఆగుతదా?"

షంషీర్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. మూత తీసి వెలుతురుకు ఎత్తి చూశాడు. ఈసారి కాగితం వాడలేదు. చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అమ్మ చెప్పేది సహీ సార్. నేను వచ్చి మూత తీసినప్పుడల్ల నడిచింది. నేను నా హుషారు అనుకున్న. ఒకసారి అనుమానం గూడ వచ్చింది. కని బొట్టు ఉండె. గీకబుద్ధి కాలే."

"నువ్వు గూడ వాళ్ళ దిక్కేనా?"

"అయితే మీరే నడిపి చూడండి," అన్నాను నేను. అంత ధైర్యం నాకెక్కడిదో తెలియదు. "రంధ్రం మూసి ఇస్తడు షంషీర్. మీ చేతుల్లో పది నిమిషాలు దాటి నడిస్తే జంగయ్య పోవచ్చు. నేనేమీ అనను."

షంషీర్ సబ్బు ముక్క కావాలన్నాడు. జంగయ్య పంపు రూములోంచి తన స్నానం సబ్బు తెచ్చి ఇచ్చాడు. షంషీర్ రవ్వంత గిల్లి, రంధ్రంలో కుక్కి, మూత బిగించి, "కానీయుండ్రి సార్," అన్నాడు.

తిరుమల్ గారు తెల్ల ప్యాంటు పైకి మడిచారు. తాడు లాగారు. మోగింది. "చూసిన్రా!" అని అందరికీ వినపడేలా అరిచి, కోయడం మొదలుపెట్టారు. వంకర టింకరగా కోశారు గానీ కోశారు. జనం బెంచీల మీద కూర్చున్నారు. నేను గడియారం మీదినుంచి కళ్ళు తీయలేదు. ఐదు నిమిషాలు. ఎనిమిది. తొమ్మిది నిమిషాలప్పుడు ఆయన మా ముందునుంచి పోతూ చెయ్యి ఊపారు. పదీ దాటింది. పుస్తకం తప్పయి ఉంటుందా? నా ఇంగ్లీషు తప్పా?

పదకొండో నిమిషంలో మిషన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

తిరుమల్ గారు తాడు లాగారు. మళ్ళీ లాగారు. ఇరవై సార్లు లాగి ఉంటారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"జెర మెల్లగ సార్," అన్నాడు జంగయ్య. "భుజం ఊడ్తది."

"పెట్రోల్ అయిపోయింది."

"ఊపి చూడుండ్రి. గుడగుడ అంటది."

ఊపారు. గుడగుడమంది. బెంచీ మీద కూర్చున్న ఒకావిడ, "నాటకం చాలు సార్, జెర గడ్డి కొయ్యుండ్రి," అంది. పార్కంతా గొల్లుమంది. తిరుమల్ గారు కూడా నవ్వడానికి ప్రయత్నించారు గానీ ఊపిరి అందలేదు.

"మూత తియ్యి జంగయ్యా," అన్నాను.

"ఒట్టుంది గదమ్మా."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ముందు ఆ బీడీ కట్ట నా చేతికియ్యి."

బీడీలు ఇచ్చి మూత తిప్పాడు. ఉస్సుమంది. మళ్ళీ బిగించి ఒక్కసారి తాడు లాగాడు. మోగింది.

"నాకు మొదటిసంది ఆ మూత మీదనే అనుమానం," అన్నారు తిరుమల్ గారు, ముఖం తుడుచుకుంటూ. "సరె సరె, మిగిలింది కానియ్యి. పొద్దువాయె."

క్షమాపణ అంతే. మా కాలనీ సంఘం చరిత్రలో అది కూడా ఎక్కువే. షంషీర్ మూతలోంచి సబ్బు తీసి, స్కూటర్ తిప్పుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ, "ఇగ నన్ను పిలవరు గదమ్మా మీరు," అన్నాడు.

గడ్డంతా కోశాక మిషన్ పెట్టడానికి జంగయ్య వచ్చాడు. చాయ్ తీసుకున్నాడు, తాగకుండా పట్టుకున్నాడు.

"మీకు ఎప్పుడు ఎరుకైందమ్మా?"

"మొన్న మధ్యాహ్నం."

"నిన్న దినమంత ఎరుకేనా?"

"ఎరుకే."

ఏమైనా అంటాడని చూశాను. చాయ్ మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఫోన్ తీశాడు.

"ఆఁ, బామ్మర్దీ. నేను వస్తలే. ఇంకెవర్నన్న చూసుకో. లే, ఏం పంచాయితీ లే. నా కాలు కోసం ఒకామె పూజ చేసింది, గదే జెర లొల్లయింది. కలిసినంక చెప్త."

ఆ సాయంత్రానికే కాలనీ వాట్సాప్‌లో తిరుమల్ గారి ఆజ్ఞ వచ్చింది. కాలనీ ఉమ్మడి ఆస్తులకు పసుపు, నూనె వగైరా పూయరాదు. గడ్డి మిషన్ ఇకపై సాంకేతిక కారణాల రీత్యా పంపు రూములోనే ఉంచబడును. స్వర్ణలత అది పైకి చదివి నావైపు చూసి, ఫోన్ పక్కన పెట్టింది.

జెండా ఎగిరింది. కర్నల్ గారి బూట్లు కనపడ్డాయి. ఆయన గడ్డిని మెచ్చుకున్నారు, తిరుమల్ గారు ధన్యవాదాలు చెప్పారు. మధ్యాహ్నం జంగయ్య వచ్చి మిషన్, పెట్రోల్ డబ్బా, నా ఇసుక బకెట్ తోపుడు బండి మీద పెట్టుకున్నాడు.

"మంచిగైందమ్మా. నాకు లాక్కొచ్చే బాధ లేదు, మీకు తక్లీఫ్ లేదు."

"నాకేం తక్లీఫ్?"

"దినాం గేటు తీసుడు, చాయ్ పెట్టుడు. ఎంత చేసిన్రు." చెప్పులు తొడుక్కున్నాడు. "యాడికి పోతున్నమ్మా, గీ నాలుగిండ్ల అవతలనే గద."

అవును, నాలుగిళ్ళ అవతలే. అతను పోకుండా ఆపాలనుకున్నాను, ఆపాను. మంచినీళ్ళు తాగి పొమ్మన్నాను. తాగి పోయాడు.

ఐదు రోజులకు మళ్ళీ గడ్డి లేచింది. పొద్దున ఏడున్నరకు పార్కులో మిషన్ మోగింది. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. ఒక్క వార్తా తలకెక్కలేదు. ఆ చప్పుడు ఇప్పుడు మోగుతున్నప్పుడు కూడా వినపడుతోంది. పది నిమిషాలైంది. దగ్గుతుందేమోనని చెవులు రిక్కించాను. దగ్గలేదు. ఇరవై నిమిషాలు. అది ఆగాలని కోరుకుంటున్నానని అప్పుడు తెలిసింది. పెద్దగా ఏమీ వద్దు, చిన్న దగ్గు చాలు, ఒకసారి నన్ను అడగడానికి వచ్చేంత. చేతిరుమాలు దాచే వయసు కాదు నాది. అయినా కోరుకున్నాను.

యాభై నిమిషాలకు ఆగింది.

పేపరు పడేసి లేచాను. గేటు బార్లా తెరిచి, చక్రాల గరగర కోసం వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. పార్కు మూల చాయ్ బండి దగ్గర జంగయ్య ఎవరితోనో కుక్క కరిచిన సంగతి చెప్తూ గట్టిగా నవ్వడం వినపడింది. మిషన్ చెడిపోయి ఆగలేదు. గడ్డి అయిపోయి ఆగింది.